బాయి (బొగ్గు గని) పనిలో భద్రత, ఆరోగ్యం: కొత్తగా చేరేవాళ్లు, ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు ఎవరింటికి పోయినా ఒక మనిషైనా బొగ్గు మీద బతికేవాళ్లే. నేను చాలా ఏళ్లు బాయిలో పనిచేశాను, మొదట బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లర్‌గా, తర్వాత పనిచోట భద్రత చూసే మైనింగ్ సర్దార్‌గా, చివరికి సర్దార్ల పైన ఉండే ఓవర్‌మన్‌గా. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నా. కొత్తగా పని దొరికిన పిల్లలు, వాళ్ల తల్లులు, భార్యలు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు, ఒక్కోసారి అర్ధరాత్రి కూడా. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి నాకు తెలిసింది రాశాను. మొత్తం చదవాల్సిన పని లేదు, మీకు కావలసింది వెతుక్కుని చదవండి.

## చేరకముందు

మెడికల్‌లో ఏం చూస్తారు? బీపీ ఉందని దాచిపెడితే నడుస్తుందా?

కంటి చూపు, రంగులు గుర్తుపట్టడం, వినికిడి, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఎంత బలంగా ఊదగలరో చూసే పరీక్ష, బీపీ, షుగర్, గుండె, ఇవన్నీ చూస్తారు. చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి చేయాలని 1955 మైన్స్ రూల్స్‌లోనే ఉంది. బీపీ ఉన్నంత మాత్రాన పని పోదు, మందులు వేసుకుని అదుపులో ఉంచుకుంటే చాలామందిని ఫిట్ అనే రాస్తారు. దాచకూడనిది ఫిట్స్ వ్యాధి. లోపల బెల్టు పక్కనో, డంపర్ స్టీరింగ్ ముందో కూర్చున్నప్పుడు ఫిట్స్ వస్తే పోయేది మీ ఒక్కరి ప్రాణమే కాదు. మెడికల్ చేయిస్తామని చెప్పి పైసలు అడిగే దళారులకు ఒక్క రూపాయి ఇవ్వకండి. మొదటి ఎక్స్‌రే కాపీ మాత్రం అడిగి తెచ్చుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత మీ ఊపిరితిత్తులు చేరినప్పుడు ఎట్లా ఉన్నాయో చెప్పేది ఆ ఒక్క కాగితమే.

వీటీసీ (వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్) ట్రైనింగ్ సంతకం పెట్టి వచ్చేస్తే సరిపోతుందని అంటున్నారు, నిజమేనా?

అట్లా చెప్పినవాడు మీ మేలు కోరేవాడు కాదు. 1966 వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ప్రకారం శిక్షణ పూర్తి కాకుండా గనిలో పనికి పెట్టుకోకూడదు, తర్వాత కూడా 5 ఏళ్లకోసారి రిఫ్రెషర్ ఉండాలి. పుస్తకంలో సంగతులు ఎట్లాగైనా తెలుస్తాయి. అక్కడ చేత్తో నేర్చుకునేవి వేరే ఉన్నాయి. సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి కాపాడే ఊపిరి డబ్బా) కళ్లు మూసుకుని విప్పి నోట్లో పెట్టుకోవడం, రక్తం కారుతుంటే ఎక్కడ నొక్కి పట్టాలి, స్ట్రెచర్ మీదికి మనిషిని నడుము వంగకుండా ఎట్లా చేర్చాలి, ఇవి ఒక్కసారి చేస్తే చెయ్యి మర్చిపోదు. వెనక బెంచీలో కూర్చోకండి, మొదట మీరే లేచి పోయి చేసి చూడండి.

నేను కాంట్రాక్టర్ కింద చేరుతున్నా, ఇవన్నీ పర్మినెంట్ వాళ్లకేనా?

కాదు. రాయి పడేటప్పుడు మీ హాజరు ఏ మస్టర్‌లో ఉందో చూసి పడదు కదా, చట్టం కూడా అంతే. శిక్షణ, మెడికల్, హెల్మెట్, బూట్లు కాంట్రాక్టు కార్మికుడికీ ఇవ్వాల్సిందే. హెల్మెట్, బూట్ల డబ్బులు మీ కూలిలోంచి కోయకూడదు. సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) కూడా మీకు వర్తిస్తుంది, మీ ఖాతా నంబర్ అడిగి రాసి పెట్టుకోండి. దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత కాంట్రాక్టర్‌ది మాత్రమే అని ఎవరైనా చెబితే నమ్మకండి, పని ఇచ్చిన అసలు యాజమాన్యం మీద కూడా అది ఉంటుంది. మీరు ఏ రోజు ఏ షిఫ్టులో ఎక్కడ పనిచేశారో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునే అలవాటు చేసుకోండి. దెబ్బ తగిలాక "ఆ రోజు ఈ మనిషి పనిలోనే లేడు" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. ఆ ఇంటామె దగ్గర అట్లాంటి నోటుబుక్కు ఉండటం వల్లే ఆమె నిలబడగలిగింది.

కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి కదా, పాత మైన్స్ యాక్ట్ ఇంకా ఉందా?

1952 మైన్స్ యాక్ట్ ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్‌లో కలిసిపోయింది, అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే పాత చట్టం కింద వచ్చిన రూల్స్, రెగ్యులేషన్స్ కొత్తవి వచ్చేవరకు, కోడ్‌కు విరుద్ధంగా లేనంతవరకు కొనసాగుతాయి. కాబట్టి బాయిలో రోజూ చూసే లెక్కలు, అంటే గ్యాస్ ఎంత ఉండాలి, గాలి ఎంత రావాలి, పైకప్పు పడకుండా సపోర్ట్ ఎట్లా పెట్టాలి అన్నవి 2017 బొగ్గు గనుల రెగ్యులేషన్స్ ప్రకారమే నడుస్తున్నాయి.

ఆడపిల్లలు బాయిలోకి దిగొచ్చా?

చాలా ఏళ్లు పూర్తిగా నిషేధం ఉండేది. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనుల్లో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు భూగర్భంలోకి, ఓపెన్‌కాస్ట్‌లో (పైనుంచి తవ్వే గనిలో) అయితే వాళ్ల రాతపూర్వక సమ్మతితో రాత్రి కూడా వీలైంది. మైనింగ్ డిప్లొమా చదివే అమ్మాయిలు ధైర్యంగా రండి. అడగాల్సింది మాత్రం గట్టిగా అడగండి: కొలతకు సరిపోయే బూట్లు, విడిగా బాత్‌రూమ్, ఒంటరిగా కాకుండా జట్టుగా డ్యూటీ.

## మొదటి రోజులు

లోపలికి దిగాలంటే గుండె దడదడలాడుతోంది, చెబితే నవ్వుతారేమో?

నవ్వరు, నవ్వినా మీరు చెప్పండి. నేను మొదటిసారి దిగినప్పుడు డిప్పులో (కిందికి వాలిన దారిలో) రెండు వందల అడుగులు పోయేసరికి కాళ్లు వణికాయి, వెనక్కి చూస్తే బాయి నోరు రూపాయి బిళ్లంత కనబడింది. అప్పటి మా ముఠాలో (కలిసి పనిచేసే జట్టులో) ఒక పెద్దాయన, తట్టా చెమ్మస్‌తో (పారతో) బొగ్గు ఎత్తిన కాలం మనిషి, "నా భుజం మీద చెయ్యి పెట్టి నడువు బిడ్డా" అన్నాడు, అంతే, వారం రోజులు అట్లాగే నడిచాను. భయం ఉన్నవాడు చుట్టూ చూస్తాడు, అది మంచిదే. ఊపిరి ఆడనట్టు, చెమటలు పట్టి కళ్లు తిరిగినట్టు రోజూ అవుతుంటే మాత్రం దాన్ని టెన్షన్ అని కొట్టిపారేయకుండా డాక్టర్‌కు చూపించుకుని పైన పని అడగండి.

ఫోన్, బీడీలు ఎందుకు తీసుకుపోనివ్వరు? ఒక్క బీడీతో ఏమవుతుంది?

బొగ్గులోంచి మీథేన్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. మామూలు ఫోన్‌లో బ్యాటరీ ఇచ్చే రవ్వ కూడా అందుకు సరిపోతుంది. ఆ పేలుడు గాలి కింద పరుచుకున్న బొగ్గు దుమ్మును లేపితే ఆ దుమ్ము కూడా అంటుకుంటుంది, అప్పుడు ఒక ప్యానెల్‌తో (గనిలో ఒక భాగంతో) ఆగదు. దిగేముందు జేబులు తడిమి వెతికేది అందుకే. ఎవరైనా దొంగతనంగా తెస్తుంటే తోటివాడు కదా అని ఊరుకోకండి.

నడుముకు కట్టే ఆ డబ్బా బరువుగా ఉంది, ల్యాంప్ రూమ్‌లో వదిలేసి పోవచ్చా?

వద్దు. అది సెల్ఫ్ రెస్క్యూయర్, లోపల నిప్పంటుకుంటే బయటికి రావడానికి మీ దగ్గరున్న ఒకే ఒక దారి. ఫిల్టర్ రకం అయితే అది విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను లోపలున్న రసాయనంతో కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పని చేసేటప్పుడు అది వేడెక్కుతుంది, నోట్లోకి వచ్చే గాలి కాలుతున్నట్టు ఉంటుంది, గొంతు ఎండిపోతుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, వేడిగా ఉందని తీసేస్తారు. వేడిగా ఉందంటే చుట్టూ విషం ఉందనీ, డబ్బా పని చేస్తోందనీ అర్థం, మంచి గాలి తగిలే చోటుదాకా తీయకండి, మాట్లాడకండి. ఒక్క మాట మాత్రం: ఫిల్టర్ రకం ఆక్సిజన్ పుట్టించదు. ఆక్సిజన్ తక్కువున్న చోట పనికొచ్చేది సొంతంగా ఆక్సిజన్ ఇచ్చే రకం. మీ నడుముకు ఉన్నది ఏదో ల్యాంప్ రూమ్‌లో అడిగి తెలుసుకోండి, పైన సీలు ఊడిందేమో రోజూ చూసుకోండి.

## బాయి లోపల, రోజూ

రూఫ్ (పైకప్పు రాయి) గట్టిగా ఉందో లేదో నాకెట్లా తెలుస్తుంది? అది సర్దార్ పని కదా?

సర్దార్ చూస్తాడు, సపోర్ట్‌మన్ చూస్తాడు, మీరూ చూడాలి. ఎందుకంటే వాళ్లు చూసి పోయిన తర్వాత అరగంటకు మీరు దాని కింద ఉంటారు, రాయి ఆ అరగంటలో మారుతుంది.

చూసే పద్ధతి ఇది. ముందుగా తలెత్తి లైటు అడ్డంగా వేసి చూడండి, నేరుగా వేస్తే పగుళ్లు కనబడవు, పక్కనుంచి వేస్తే నీడ పడి వెంట్రుకంత పగులు కూడా తేలుతుంది. తర్వాత సపోర్ట్ ఉన్న చోటే నిలబడి పొడుగాటి రాడ్డుతో పైకి కొట్టండి. గట్టి రాయి ఖణ్‌మని మోగుతుంది. విడిపోయిన రాయి పగిలిన కుండ మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఎత్తు అందేంత ఉంటే ఇంకో చెయ్యి అరచేతిని రూఫ్‌కు ఆనించి కొట్టండి, రాయి విడిగా ఉంటే వేళ్లకు జలజలమని తెలుస్తుంది, చెవి మోసపోయినా వేలు మోసపోదు. ఫ్యాను హోరులో, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ మెషిన్ మోతలో చప్పుడు వినబడకపోతే మెషిన్ ఆపించి కొట్టండి. అందుకు పట్టేది ఒక నిమిషం.

సన్నగా మట్టి రాలడం, రూఫ్‌కు ఆనించిన చెక్క దిమ్మె కిరకిరమనడం, రూఫ్ బోల్ట్ పళ్లెం వంగడం, నిన్న లేని చోట నీటి చుక్కలు పడటం, సైడ్‌లో బొగ్గు పెచ్చులు ఊడటం, ఇవి కనబడితే ఉన్నపళంగా వెనక్కి రండి. చేతిలో పార ఉంటే అక్కడే పడేసి రండి.

ఒకసారి మా ముఠావాళ్లం అన్నం తిందామని జంక్షన్ (దారులు కలిసే చోటు) దగ్గర కూర్చున్నాం. నా టిఫిన్ మూత మీద బియ్యం గింజంత పొడి పడింది, నేను ఊది మళ్లీ ముద్ద కలిపాను. మొదట్లో నన్ను భుజం పట్టించి నడిపించిన ఆ పెద్దాయనే నా చొక్కా కాలర్ పట్టి వెనక్కి గుంజాడు, నాకు కోపం కూడా వచ్చింది. పది అంకెలు లెక్కపెట్టేలోపు మంచమంత రాయి నా టిఫిన్ మీద కూర్చుంది. ఆ డబ్బా ఎట్లా అణిగిందో ఇప్పటికీ కళ్లకు కనబడుతుంది.

సపోర్ట్ పెట్టని రూఫ్ కిందికి ఒక్క అడుగు కూడా పోకండి. తట్ట నిండలేదనో, టార్గెట్ కాలేదనో, పడిపోయిన టోపీ తెచ్చుకుందామనో పోయినవాళ్లే ఎక్కువ.

గ్యాస్ ఉందని ఎట్లా తెలుస్తుంది? వాసన వస్తుందా?

కొన్నిటికే వాసన ఉంటుంది, కొన్నిటికి ఉండదు. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి రూఫ్ దగ్గర, రైజు ఫేసుల్లో (ఎత్తు వైపు బొగ్గు తవ్వే చోట్లలో) పేరుకుంటుంది, వాసన ఉండదు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన చెడుగాలి బరువు, అది కింద, డిప్పుల్లో, పాత పనుల్లో (తవ్వి వదిలేసిన చోట్లలో) నిలుస్తుంది. పాత నీళ్లున్న చోట కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు, ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. బొగ్గు తనంతట తాను వేడెక్కుతుంటే గోడలకు చెమట పట్టినట్టు ఉంటుంది, కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది, అది కార్బన్ మోనాక్సైడ్ పుడుతున్న చోటు.

నిబంధనల లెక్క ఇట్లా ఉంది: పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు, మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తీసేసి మనుషులను బయటికి పంపాలి. సర్దార్ చేతిలో గ్యాస్ డిటెక్టర్ ఉంటుంది, ఎంత చూపిస్తోందని అడగండి. అడగడం మీ హక్కే, చెబితే అతనికీ మంచిది, ఇద్దరికీ గుర్తుంటుంది.

"ఏం కాదు పో" అంటున్నారు, నాకేమో భయంగా ఉంది. పని చేయనని చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమంది చెప్పకుండా ఊరుకునేది కూడా ఇక్కడే. కొత్త వృత్తి భద్రత కోడ్‌లో 14వ సెక్షన్ చదవండి: ప్రాణానికో, తీవ్రమైన దెబ్బకో అవకాశం ఉందని కార్మికుడికి సహేతుకమైన అనుమానం ఉంటే నేరుగా గానీ, సేఫ్టీ కమిటీ సభ్యుడి ద్వారా గానీ యాజమాన్యానికి చెప్పొచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కు కూడా తెలియజేయొచ్చు. యాజమాన్యం వెంటనే చూసి సరిచేయాలి.

చెప్పే తీరు కూడా ముఖ్యం. "నేను చేయను" అంటే అది గొడవ అవుతుంది. "సార్, 12వ లెవల్ జంక్షన్‌లో రూఫ్ డొల్ల పలుకుతోంది, మీరొకసారి వచ్చి కొట్టి చూడండి, నేనిక్కడే ఉంటా" అనండి. చోటు, చూసింది, కావలసింది, మూడూ చెప్పండి. ఒంటరిగా కాకుండా పక్కనున్న ఇద్దరినీ కలుపుకుని చెప్పండి. వినకపోతే ఓవర్‌మన్‌కు, అండర్‌మేనేజర్‌కు, షిఫ్టు అయ్యాక సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పి, ఏ రోజు ఎవరికి చెప్పారో రాసి పెట్టుకోండి. 500 మంది, అంతకుమించి పనిచేసే గనుల్లో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, వాళ్లు మీ తరఫున తనిఖీ చేసి రిజిస్టర్‌లో రాసేవాళ్లు, వాళ్లెవరో పేరు తెలుసుకోండి.

నేను ఓవర్‌మన్‌గా ఉన్న రోజుల్లో ఒక బదిలీ వర్కర్ (రానివాళ్ల బదులు పనిచేసేవాడు), పనిలో చేరి నెల కూడా కాలేదు, నా దగ్గరికొచ్చి "సార్, నాకు తెలియదు గానీ ఆ దిమ్మె నిన్నటికంటే వంగినట్టుంది" అన్నాడు. నాకు ఆ రోజు బొగ్గు తక్కువ పడి చిరాకుగా ఉంది, తిట్టబోయాను. పోయి చూస్తే నిజంగానే వంగింది, రెండో షిఫ్టులో అక్కడ రూఫ్ పడింది, కింద ఎవరూ లేరు. ఆ పిల్లగాడు ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. ఆ రోజు తిట్టి పంపించి ఉంటే నేనేమయ్యేవాణ్నో అని చాలాసార్లు అనుకుంటాను. పైన ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్లూ, మీ దగ్గరికొచ్చి చెప్పినవాణ్ని తిట్టకండి, ఒకసారి తిడితే ఆ ముఠాలో మళ్లీ ఎవరూ నోరు తెరవరు.

నీళ్లు చొరబడటం గురించి ఎందుకంత చెబుతారు? మన దగ్గర అది జరిగిందా?

జరిగింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో పాత పనుల్లో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. దేశంలో అన్నిటికంటే పెద్దది 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో, 375 మంది. అందుకే పాత, నీళ్లున్న పనులకు 60 మీటర్ల లోపు పోవాలంటే ముందుగా అనుమతి ఉండాలి, ముందుకు బోర్లు వేసి చూస్తూ పోవాలి. ఫేసులో బొగ్గు చెమర్చినట్టు ఉన్నా, వేసిన రంధ్రంలోంచి నీళ్లు చిమ్మినా, చల్లటి తుంపర మొహానికి కొట్టినా మెషిన్ ఆపి, చెప్పి, ఎత్తు వైపు, రైజు వైపు రండి. డిప్పు వైపు పరుగెత్తకండి.

షిఫ్టు అయిపోయాక అలసిపోయి టబ్బు (బొగ్గు మోసే బండి) ఎక్కి రావొచ్చా?

వద్దు. బండ్లను లాగే హాలర్ యంత్రం తాడు తెగినా, కప్లింగ్ ఊడినా టబ్బులు డిప్పులోకి ఎంత వేగంతో పోతాయో చూసినవాళ్లు మళ్లీ ఎక్కరు. మ్యాన్‌రైడింగ్ (మనుషులను మోసే ఏర్పాటు) ఉంటే దాంట్లో రండి, లేకపోతే నడిచి రండి. హాలర్ నడుస్తున్నప్పుడు రోడ్డు మీద ఉంటే దగ్గరి మ్యాన్‌హోల్‌లోకి (పక్క గోడలో తప్పుకునే గూడులోకి) పూర్తిగా జరగండి. కన్వేయర్ బెల్టును దాటాలంటే వంతెన ఉన్న చోటే దాటండి. రోలర్‌కు అంటుకున్న బొగ్గు బెల్టు తిరుగుతుండగా చేత్తో తీయకండి, అట్లా చెయ్యి పోయినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

మిస్‌ఫైర్ అయిన (మందు పేలకుండా మిగిలిన) రంధ్రం కనబడితే?

ముట్టుకోకండి, రాడ్డు దూర్చకండి, మందు తవ్వి తీయకండి. అక్కడ ఎవరినీ పోనీయకుండా నిలబడి మందు పేల్చే షాట్ ఫైరర్‌ను పిలవండి. పక్కన కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో సమాంతరంగా కొత్త రంధ్రం వేసి పేల్చడం అతని పని.

## ఓపెన్‌కాస్ట్‌లో

పైన పనే కదా, బాయికంటే సేఫ్ అంటారు, నిజమేనా?

రూఫ్ పడే భయం లేదు, అంతవరకే. ఇక్కడ చంపేది బండి. డంపర్ ఆపరేటర్ క్యాబిన్‌లోంచి చూస్తే బండి ముందు, కుడి పక్క నిలబడ్డ మనిషి అసలు కనబడడు, మన జీపు కూడా కనబడదు. అతను చూస్తాడని మీరు, ఎవరూ లేరని అతను అనుకుంటారు. ఆగి ఉన్న డంపర్ ముందునుంచి నడవకండి, దాని నీడలో కూర్చుని అన్నం తినకండి. దగ్గరికి పోవాల్సి వస్తే ఆపరేటర్ కళ్లలోకి చూసి, అతను చెయ్యెత్తాకే పోండి. బైకులతో డంపర్లు తిరిగే హాల్ రోడ్డు మీదికి రాకండి. వానాకాలంలో తవ్విన మట్టి పోసే డంప్ అంచుల్లో పగుళ్లు వస్తే పక్కకు గుర్తుపెట్టి చెప్పండి, అంచు దాకా బండి వెనక్కి పెట్టించకండి. బ్లాస్టింగ్ సైరన్ మోగితే 500 మీటర్ల అవతలికి పోయి చాటున ఉండండి, ఫోన్‌లో వీడియో తీయడానికి గట్టు మీద నిలబడకండి.

ఎండాకాలం రామగుండంలో ఎట్లా తట్టుకోవాలి?

మే నెలలో గోదావరిఖని వైపు ఓబీ (బొగ్గు పైనుంచి తీసిన) రాయి మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. దూప అయ్యాక తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం, అరగంటకోసారి కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. పొద్దున అంబలో, ఉప్పేసిన మజ్జిగో తాగి పోండి, సీసాలో ఓఆర్‌ఎస్ పెట్టుకోండి. రాత్రి మందు తాగి పొద్దున ఎండలో దిగితే ఒంట్లో నీళ్లు అప్పటికే తగ్గిపోయి ఉంటాయి. తోటివాడు తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలుతూ చెమట ఆగిపోయినా అది వడదెబ్బ. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు పెట్టి, విసురుతూనే అంబులెన్స్ పిలవండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

## ఇంటి దగ్గర, ఒంట్లో

మా ఆయన దగ్గితే కఫం నల్లగా పడుతోంది, భయపడాలా?

షిఫ్టు అయిన పూట నల్లగా పడటం మామూలే, ఊపిరితిత్తులు దుమ్మును బయటికి నెడుతున్నాయి. సెలవులో వారం పది రోజులు ఇంటి దగ్గర ఉన్నా నల్లగా పడుతుంటే, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంటే, బరువు తగ్గుతుంటే ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి పరీక్ష) చేయించండి. బొగ్గు దుమ్ము ఏళ్ల తరబడి పేరుకుంటే వచ్చే జబ్బును న్యూమోకోనియోసిస్ అంటారు, అది చట్టం కింద నోటిఫై అయిన వృత్తి వ్యాధి. మచ్చ పడ్డ చోటు మళ్లీ మామూలు కాదు, పెరగకుండా ఆపడమే మన చేతిలో ఉన్నది. దుమ్ము తగ్గాలంటే డ్రిల్లింగ్‌లో నీళ్లు పట్టడం, రోడ్లు తడపడం, మాస్కు, ఈ వరసలోనే. గుడ్డ కండువా సన్నటి దుమ్మును ఆపదు. బీడీ మానేస్తే సగం ఆయాసం తగ్గుతుంది, ఇది నేను నా మీదే చూశాను.

బాయి బట్టలు ఇంట్లో మిగతావాటితో కలిపి ఉతకొచ్చా? అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

కలపొద్దమ్మా. ముఖ్యంగా ఉతికేముందు దులపొద్దు, దులిపితే ఆ దుమ్ము మీరూ పిల్లలూ పీలుస్తారు. నేరుగా బకెట్ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత సబ్బు పెట్టండి. వీలుంటే గని దగ్గరే స్నానం చేసి బట్టలు మార్చుకుని రమ్మనండి.

నైట్ షిఫ్ట్ తర్వాత పగలు నిద్ర పట్టడం లేదు?

ఇది ఇంటిల్లిపాదీ చూడాల్సిన పని. కిటికీకి నల్ల గుడ్డ కట్టండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి, మధ్యాహ్నం దాకా చుట్టాలను రానీయకండి. మూడు రోజులు నిద్రలేనివాడు రూఫ్ చూసినా కళ్లకు ఎక్కదు. నిద్ర కోసం మందు తాగడం అలవాటైతే ఆ నిద్ర నిద్ర కాదు.

చెవిలో గుయ్‌మని మోగుతోంది, టీవీ పెద్దగా పెట్టుకుంటున్నారు?

అది మోత వల్ల వచ్చే చెవుడుకు మొదటి గుర్తు. 85 డెసిబెల్స్ దాటిన మోతలో 8 గంటలు ఉండే డ్రిల్, డోజర్, క్రషర్ వాళ్లకు ఇయర్ మఫ్‌లు కావాలి. పోయిన వినికిడి తిరిగి రాదు, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించి కాగితం పెట్టుకోండి.

మా బాపు కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీలో పనిచేస్తాడు, టీబీ మందులు రెండుసార్లు వాడినా దగ్గు తగ్గలేదు?

క్వారీ కూడా చట్టం దృష్టిలో గనే, ఆ పనివాళ్లకు రక్షణ ఉంది. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, అది బొగ్గు దుమ్ముకంటే ప్రమాదకరం, దానితో వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో టీబీలా కనబడి చాలామంది ఏళ్ల తరబడి టీబీ మందులే మింగుతారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు నిజంగా టీబీ కూడా తొందరగా వస్తుంది కాబట్టి కఫం పరీక్ష మానేయొద్దు. డాక్టర్‌కు మొదటి మాటగా ఏ పని, ఎన్నేళ్లు చేశాడో చెప్పండి. వరంగల్ ఎంజీఎంలో ఛాతీ డాక్టర్‌కు చూపించేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ తీసుకుపోండి. పొడి డ్రిల్లింగ్ ఉన్న చోట మళ్లీ పనికి పంపకండి.

## దెబ్బ తగిలితే

చిన్న దెబ్బే, రాయించుకుంటే గొడవవుతుందని అంటున్నారు, వదిలేయమంటారా?

వదిలేయకండి. ఆ రోజే రిజిస్టర్‌లో ఎక్కించండి. 72 గంటలు, అంతకుమించి పనికి పోలేని దెబ్బ చట్టప్రకారం లెక్కలోకి వచ్చేదే. "ఇంట్లో జారి పడ్డానని రాయి, నీకు జీతం ఇస్తాం" అనే మాటకు సంతకం పెట్టినవాళ్లు ఆర్నెల్ల తర్వాత నడుము నొప్పితో తిరుగుతూ నా దగ్గరికి వచ్చారు, చేయడానికి ఏం మిగలలేదు. దెబ్బ తగలకుండా తప్పిపోయిన సంఘటన కూడా చెప్పండి, మంచమంత రాయి ఖాళీ చోట పడితే అది కూడా రాయాల్సిన విషయమే.

గనిలో ఏదో జరిగిందని ఫోన్ వచ్చింది, ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

ఒకరే ఫోన్ దగ్గర ఉండి మాట్లాడండి, ఇంకొకరు ఆసుపత్రికి పోండి, వృద్ధులను, పిల్లలను గేటు దగ్గరికి తీసుకుపోకండి. లోపల ఉన్నవాళ్లకోసం రామగుండంలోని మెయిన్ రెస్క్యూ స్టేషన్ జట్లు దిగుతాయి, వాళ్ల పనికి సమయం పడుతుంది. జరగరానిది జరిగితే తెల్లకాగితాల మీద సంతకం పెట్టకండి. గుర్తింపు కార్డు, జీతం చీటీలు, ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు ఒక సంచిలో పెట్టుకోండి. మరణానికి చట్టప్రకారం వచ్చే పరిహారం నెల జీతంలో 50 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తే వస్తుంది, శాశ్వత పూర్తి వైకల్యానికి అది 60 శాతం. చనిపోయిన మనిషి ఎంత చిన్నవాడైతే గుణకం అంత ఎక్కువ. కంపెనీ ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరు, ఇది వేరు, ఒకటి తీసుకుంటే రెండోది పోదు.

పక్కవాడు కళ్ల ముందు పోయాడు, మా తమ్ముడు అప్పటినుంచి నిద్రపోవడం లేదు?

ధైర్యం చెప్పి మర్నాడే షిఫ్టుకు పంపకండి. అదే చప్పుడు మళ్లీ మళ్లీ వినబడటం, కోపం, అన్నం సహించకపోవడం కొన్ని వారాలు ఉంటాయి. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి, టెలీ మానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ముఠావాళ్లు ఇంటికొచ్చి ఊరికే పక్కన కూర్చున్నా మేలే.

## బొగ్గు కాకుండా

మావోడు ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ఫ్యాక్టరీకి పోతున్నాడు, అక్కడ కూడా ఇవే జాగ్రత్తలా?

బయ్యారంలో ఫ్యాక్టరీ వస్తుందని ఎదురుచూసిన మన పిల్లలు చాలామంది అట్లాగే దూరం పోతున్నారు. అక్కడ రెండు సంగతులు ముందుగా చెప్పి పంపండి. ఒకటి, కరిగిన లోహం తడిని తాకితే నీరు క్షణంలో ఆవిరై పేలుతుంది, కాబట్టి తడి తుక్కు, తడిసిన పార, నీటి మడుగు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. రెండు, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఐదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే ఉంటుంది, వాసన రాదు, తలనొప్పి, మత్తు వచ్చేసరికి కాళ్లు పనిచేయవు. గ్యాస్ లైన్ దగ్గర ఒంటరిగా పోవద్దని, మెడలో డిటెక్టర్ లేకుండా పోవద్దని, ఎవరైనా పడిపోతే మాస్కు లేకుండా వాళ్లకోసం పరుగెత్తొద్దని చెప్పండి. మొదటివాణ్ని తెద్దామని పోయి రెండో మనిషి, మూడో మనిషి పడిపోవడం ఈ గ్యాస్‌తోనే ఎక్కువ.

## దిగిపోయాక

రిటైర్ అయ్యాను, ఇంకా ఎక్స్‌రేలు ఎందుకు?

దుమ్ము జబ్బు పని మానేసిన తర్వాత కూడా బయటపడొచ్చు, కొందరిలో పెరగొచ్చు. ఏడాదికోసారి ఛాతీ చూపించుకోండి. చేరినప్పటి ఎక్స్‌రే, చివరి మెడికల్ రిపోర్టు, సర్వీసు కాగితాలు, సీఎంపీఎఫ్ పింఛన్ పత్రాలు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టె ఎక్కడుందో ఇంటామెకు చూపించండి.